కబడ్డీలో ఈల పట్టే ముందు

కబడ్డీ ఆడమంటే మన హాస్టల్లో అందరం సిద్ధమే. ఈల పట్టమంటే మాత్రం వెనక్కి తగ్గుతాం.

నియమాల ప్రకారం మ్యాచ్‌కు ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, ఒక స్కోరరు, ఇద్దరు సహాయ స్కోరర్లు ఉండాలి. కొత్తవారు సహాయ స్కోరరుగా మొదలుపెట్టడం మంచిది. అవుటైనవారిని వరుసలో కూర్చోబెట్టడం, వెనుక గీత దాటితే అంపైరుకు చెప్పడం ఆ పని. తరువాత స్కోరు రాయడం నేర్చుకోవాలి. ఒకరు అవుటైతే 1 పాయింటు, జట్టంతా అవుటైతే లోనాకు అదనంగా 2.

అంపైరుకు కన్నుతోపాటు చెవీ ముఖ్యమే. రైడరు మధ్యగీత దాటకముందే కూత అందుకోవాలి. కూత ఆపకుండా 30 సెకన్లలో తిరిగి రావాలి. ఆలస్యంగా కూత పెడితే వెనక్కి పంపి, ఎదుటి జట్టుకు ఒక పాయింటు, కూత అవకాశం ఇవ్వాలి.

మేము తొలిసారి అంపైరుగా నిలబడిన రోజు మా గది మిత్రుడే ఆ తప్పు చేశాడు. చూసీ ఊరుకున్నాం. ఎదుటి జట్టు ఒక్క పాయింటుతో ఓడింది. "అన్నా, నీకు వినబడలేదా?" అని ఆరో తరగతి తమ్ముడు అడిగితే జవాబు లేకపోయింది. తరువాతి ఆదివారం మిత్రుడు మళ్లీ అలాగే చేస్తే ఈల ఊదాం. రెండు రోజులు మాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే వచ్చి, కూత సరిగా పెడుతున్నానో లేదో చూడమన్నాడు.

తమ్ముళ్లారా! నియమాలు వారంలో వస్తాయి. మనవాడి తప్పుకు కూడా ఈల ఊదడం అలవాటు చేసుకోండి.