మంచం కింద దాక్కుంటే తప్పేంటి?

సమస్య:

అమ్మా! మేం బిలాస్‌పూర్‌లో కోని వైపు ఉంటాం. మామగారు రైల్వేలో చేరి విజయనగరం జిల్లా నుంచి ఇక్కడికొచ్చారు. మావారిదీ రైల్వే ఉద్యోగమే. మూడు వారాల క్రితం కాలేజీ పిల్లలు కొందరు ఒక ఆడకుక్కను తెచ్చి, పెంచుకునేవాళ్ళు దొరికేదాకా మీ ఇంట్లో ఉంచండి ఆంటీ అన్నారు. స్టేషన్ దగ్గర కాలికి దెబ్బ తగిలి పడుంటే వైద్యం చేయించారట. పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, రేబిస్ టీకా అయ్యాయట. నాలుగేళ్ళుంటాయన్నారు. సరేనన్నాను. చుట్కీ అని పిలుస్తున్నాం.

వచ్చిన రోజు నుంచీ మంచం కిందే మకాం. మేం పడుకున్నాకే తింటుంది. రైలు కూతకి చెవైనా కదపదు గానీ, కుక్కర్ కూతేస్తే వణికిపోతుంది. మావారు మంచివారే, దాని మందులు ఆయనే తెస్తారు. కానీ ‘ఇలా వదిలేస్తే భయం ఎప్పటికీ పోదు’ అంటూ చుట్టాలొచ్చినప్పుడల్లా ముందుకాళ్ళు పట్టుకుని హాల్లోకి లాగుతారు. పోయిన ఆదివారం హాల్లోనే ఉచ్చ పోసేసింది. అందరూ నవ్వారు. మా తొమ్మిదేళ్ళ బాబు ఏడ్చి, దానితోపాటు మంచం కింద దూరాడు. వాడూ అంతే, కొత్తవాళ్ళొస్తే వంటింట్లోంచి బయటికి రాడు. ‘ఇద్దరూ సరిపోయారు’ అని మా ఆడపడుచు వెక్కిరించింది. స్టేషన్లోనే వదిలేసి రమ్మని అత్తగారు పోరుతున్నారు. దీనికి ధైర్యం ఎలా వస్తుంది? ఇలాంటి పిరికిదాన్ని ఎవరు తీసుకుంటారు?

— ఒక సోదరి, కోని

సలహా:

అమ్మా! ఉత్తరమంతా ఒక ఎత్తు, ‘అందరూ నవ్వారు’ అన్న ముక్క ఒక ఎత్తు. భయంతో ఒంట్లో పట్టు తప్పిన మూగజీవాన్ని చూసి నవ్వడమా? ఆ హాల్లో ఒక్క పెద్దమనిషికైనా కాఫీ కప్పు పక్కన పెట్టి ‘చాల్లే, వదిలెయ్యండి’ అనాలనిపించలేదా? అనాలనిపించింది మీ తొమ్మిదేళ్ళవాడికే. ఆ ఇంట్లో ధైర్యస్థుడు వాడే.

ముందు మీ అత్తగారి మాట తేల్చేస్తాను. వీధికుక్కకి ఆపరేషన్, టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి నిబంధనలు చెబుతాయి. అయితే రైల్వే స్టేషన్లు, బస్టాండ్లు, ఆసుపత్రులు, బడుల నుంచి తరలించిన వాటిని మళ్ళీ అక్కడ వదలొద్దని 2025 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి స్టేషన్ మాట మర్చిపొమ్మనండి. ఇప్పుడప్పుడే వేరే ఇంటికి పంపితే దాని భయం మళ్ళీ మొదటికొస్తుంది. కాలి నొప్పి పూర్తిగా తగ్గిందో లేదో పశువైద్యుడికి ఒకసారి చూపించండి. నొప్పి ఉన్న కుక్క మనిషిని దగ్గరికి రానివ్వదు.

ఇక అసలు సంగతి. దాన్ని పిరికిదంటున్నారే! బొగ్గు బళ్ళు రాత్రింబవళ్ళు తిరిగే స్టేషన్లో, అంత జనం కాళ్ళ మధ్య బతికిన కుక్క అది. అక్కడ బెదిరితే పారిపోవడానికి నాలుగు దిక్కులున్నాయి. మీ ఇంట్లో దానికి ఉన్నదల్లా మంచం కింద జానెడు చోటు. అందులోంచి కూడా కాళ్ళు పట్టి లాగుతుంటే ఇంకెక్కడికి పోతుంది? వెనక్కి పోయే దారి ఉందన్న నమ్మకం కుదిరితేనే ఏ ప్రాణైనా ముందుకి అడుగేస్తుంది. లాగినప్పుడల్లా దానికి తెలిసొచ్చేది ఒక్కటే: ఈ చేతుల్ని నమ్మకూడదని.

మీవారిని తిట్టి ఊరుకోను, పని చెబుతాను. రోజూ సాయంత్రం మంచానికి కాస్త దూరంగా, పక్కకి తిరిగి నేల మీద కూర్చుని పేపరు చదువుకోమనండి. పిలవొద్దు, కళ్ళలోకి చూడొద్దు. ఉప్పూ ఉల్లీ లేకుండా ఉడికించిన కోడిమాంసం ముక్క అప్పుడప్పుడు దాని వైపు వేస్తే చాలు. అది వచ్చి వాసన చూసినా చెయ్యి చాపొద్దు. తనంతట తాను ఆనుకున్న రోజున గడ్డం కింద నాలుగుసార్లు నిమిరి ఆపెయ్యాలి. కావాలంటే అదే జరిగి దగ్గరికొస్తుంది. నిద్ర రాకుండానే ఆవలించినా, పెదాలు నాక్కున్నా, తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూసినా ‘ఇక చాలు’ అంటోందని అర్థం.

కుక్కర్ కూతకి వణుకుతోందిగా, దాని పడక వంటింటికి దూరంగా మార్చండి. బయటికి తీసుకెళ్ళేటప్పుడు మెడపట్టీ ఒక్కటే నమ్ముకోకండి, బెదిరిన కుక్క ఇట్టే తల తప్పించుకుంటుంది. హార్నెస్ కూడా తొడిగి రెండు తాళ్ళు పట్టుకోండి. బాబుని మాత్రం మంచం కింద దూరనివ్వద్దు. దారి మూసుకుపోతే సాధుకుక్కయినా కరుస్తుంది. పన్ను గీరినా సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, కుక్కకి టీకా అయిందిగా అని ఊరుకోవద్దు. మూడు వారాలేగా అయింది, మూడు నెలలైనా చూడండి.

ఇంతకీ చుట్టాల ముందుకి లాగే ఈ రోగం కుక్కల దగ్గర మొదలైంది కాదు. మన ఇళ్ళల్లో చుట్టాలు గుమ్మం ఎక్కితే చాలు, బిడ్డలకి పరీక్ష మొదలవుతుంది. ‘అంకుల్‌కి పద్యం చెప్పు, అత్తయ్యకి ముద్దు పెట్టు, మాట్లాడవేంరా మూగమొద్దులా!’ పిల్లాడు తల్లి కొంగు చాటుకి పోతే పెంపకం చెడిందన్నట్టు చూస్తారు. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన పిల్ల నాలుగు రోజులు తక్కువ మాట్లాడితే పొగరంటారు. ఎవరికి ఎప్పుడు, ఎంత దగ్గరవ్వాలో వాళ్ళనే తేల్చుకోనివ్వం. చుట్టాల ముందు మన పరువు నిలబడాలి, అంతే. అలా సిగ్గు తీసేస్తే బిడియం పోతుందా? లోపలికి పోయి ముదురుతుంది. మీ బాబు మంచం కింద దూరింది కుక్క కోసం ఒక్కదానికేనంటారా? అందరూ నవ్వితే ఎలా ఉంటుందో వాడికి తెలుసు కాబట్టే దూరాడు.

చుట్కీని ఎవరు తీసుకుంటారన్నారు. ‘బెదురు గొడ్డు, సందడి లేని ఇల్లు కావాలి’ అని ఉన్నది ఉన్నట్టు చెప్పమని ఆ కాలేజీ పిల్లలకి చెప్పండి. దాచిపెట్టి ఇస్తే వారానికే వెనక్కి తెస్తారు.

ఈసారి మీ ఆడపడుచు వచ్చి ‘ఏరీ ఇద్దరూ?’ అంటే, ‘వాళ్ళకి రావాలనిపిస్తే వస్తారు’ అని చెప్పండి. మీకు నోరు రాకపోతే మీవారి చేత చెప్పించండి. అది ఆయన చెప్పాల్సిన మాటే.