కార్డు ముక్క

తోకలేని పిట్ట తొంభై ఆమడలు పోతుందని తెలుగువారి పొడుపుకథ. ఆ పిట్ట ఉత్తరం. దాని రూపాలన్నింటిలో చిన్నది పోస్టుకార్డు. చిన్న కబురుకు కవరూ, పూర్తి తపాలా రుసుమూ దండుగని ఆర్థికశాస్త్ర ఆచార్యుడు ఇమ్మానుయేల్ హెర్మన్ 1869లో ఒక వియన్నా పత్రికలో వాదించాడు. ఆ ఏడాది అక్టోబరు 1న ఆస్ట్రియా-హంగరీ తొలి కార్డును విడుదల చేసింది. భారతదేశంలో అది 1879లో కాలణా వెలకు ప్రవేశించింది.

తొలినాళ్లలో కార్డుకు ఒకవైపు పూర్తిగా చిరునామాకే. రెండోవైపు బొమ్మ అచ్చయితే కబురును దాని అంచున ఇరికించవలసిందే. 1902లో బ్రిటన్ తపాలా శాఖ చిరునామా వైపును రెండుగా విభజించడానికి అనుమతించింది. ఎడమ సగం కబురుకు, కుడి సగం చిరునామాకు కేటాయించారు. దానితో బొమ్మకు అవతలి వైపంతా దక్కింది. ఆంగ్ల తరగతిలో విద్యార్థులు తయారుచేసే సెలవుల కార్డుది నేటికీ ఇదే అమరిక.

నాగార్జునకొండ చూసివచ్చిన ఒక విద్యార్థిని అటువంటి కార్డు తయారుచేసిందనుకోవచ్చు. బొమ్మ వైపు ఆమె జలాశయాన్ని, దాని నడుమ కొండను, ఒక లాంచీని గీస్తుంది. వెనుక మళ్లీ 'ఇక్కడ పెద్ద జలాశయం ఉంది' అని రాస్తే ఉన్న కాస్త చోటూ వృథా. బొమ్మకు చేతకానిదే అక్షరాలకు మిగలాలి.

ఆంగ్లంలో మామూలుగా కర్త లేనిదే వాక్యం నిలవదు. కార్డులో మాత్రం 'ఐ', 'వీ' జారిపోయి 'ఎరైవ్డ్ యెస్టర్‌డే' అన్నా చెల్లుతుంది. తెలుగుకు ఆ మినహాయింపుతో పనిలేదు. 'నిన్న చేరాము' అంటే క్రియలోనే కర్త ఉన్నాడు. సంబోధన దగ్గర మాత్రం తెలుగే కఠినం. ఆంగ్లంలో 'డియర్' అందరికీ సరిపోతుంది. తెలుగులో తమ్ముడు చిరంజీవి, తాతయ్యకు నమస్కారాలు. 'ఉభయకుశలోపరి' అనే ఒక్కమాటతో ఇరువైపుల క్షేమాన్నీ ముగించిన పాతతరం వారికి కార్డులో చోటు విలువ బాగా తెలుసు.

నాగార్జునసాగర్ నిర్మాణం 1955లో మొదలైంది. జలాశయం నిండినప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయతోపాటు అనేక గ్రామాలు మునిగాయి. ఆ విద్యార్థిని తాతయ్యది అటువంటి గ్రామమే అయితే, ఆంగ్లంలో మార్కులు తెచ్చిన కార్డు ఆయనకు పనికిరాదు. ఆమె మరో కార్డు తీసుకొని తెలుగులో రాయాలి:

"తాతయ్యకు నమస్కారాలు. నిన్న లాంచీలో కొండకు వెళ్లాము. మీ ఊరు ఎటువైపు ఉండేదని లాంచీ నడిపే ఆయనను అడిగాను. చేయి చాచి నీళ్లు చూపించాడు. అక్కడ అల కూడా లేదు. మీ బడి, చింతచెట్టు ఎక్కడుండేవో వచ్చినప్పుడు నాకు గీసి చూపించండి. మీ మనుమరాలు."

కార్డుకు కవరు లేదు కనుక దీనిని దారిలో ఎవరైనా చదవవచ్చు. చదివినా తాతయ్యకు తెలిసినంత వారికి తెలియదు. ఇక మిగిలింది కుడి సగం. అక్కడ పేరు, ఇంటి నంబరు, ఊరు, జిల్లా విడివిడి వరుసలలో ఉండాలి. ఒకే పేరుగల ఊళ్లు అనేకం కనుక, 1972లో వచ్చిన ఆరంకెల పిన్‌కోడు తప్పనిసరి.