తెలియని నంబరు నుండి ఫోను వచ్చినప్పుడు



హోసూరు సిప్కాట్‌లో రాత్రి షిఫ్టు ముగించి పగలు నిద్రించువారికిని, కృష్ణగిరిలో దుకాణము నడుపుకొనువారికిని ఒకే బాధ కలదు. లోను కావలెనా అని ఒకరు, క్రెడిట్ కార్డు మంజూరైనదని ఇంకొకరు తమిళములో, హిందీలో, కన్నడములో రోజంతయు ఫోను చేయుచుందురు. "తెలియని నంబరు ఎత్తకుంటే సరి" అని కొందరి సలహా. ఊరు విడిచి వచ్చిన మనకు అది కుదరదు. మేస్త్రీ పని కబురు, ఆసుపత్రి కబురు, అమ్మ పక్కింటివారి ఫోను నుండి చేయు కాల్, ఇవన్నియు తెలియని నంబర్ల నుండియే వచ్చును. గనుక వచ్చిన కాల్ ఎటువంటిదో గుర్తించుట నేర్చుకొనవలెను.

మొదటిది, అమ్మకపు కాల్. ప్రకటనల కొరకు 140తో మొదలగు నంబర్లు కేటాయింపబడినవి. బ్యాంకుల వంటి సంస్థల సేవా కాల్స్ కొరకు 2024లో 1600 వరుస ఇవ్వబడినది. మామూలు పదంకెల నంబరు నుండి ప్రకటన చేయుట నిబంధనలకు విరుద్ధము. ఇట్టి కాల్స్ వద్దనుకొనువారు ఇంగ్లీషు అక్షరాలలో స్టార్ట్ అని, కొంచెము ఖాళీ విడిచి 0 అని టైపుచేసి 1909కు ఎస్సెమ్మెస్ పంపవలెను. బ్యాంకు ఓటీపీలు దీనివలన ఆగవు. అయినను కాల్ వచ్చినచో 7 రోజులలోగా 1909కే ఫిర్యాదు చేయవచ్చును.

రెండవది, మోసపు కాల్. దొంగ 1909 నియమమును లెక్కచేయడు. పోలీసులమనియు, మీ పేర వచ్చిన పార్సిలులో మత్తుమందు దొరికినదనియు భయపెట్టును. వీడియో కాల్‌లో "డిజిటల్ అరెస్టు" అనును. మన చట్టములో అట్టి అరెస్టు లేదు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రియే రేడియోలో ఈ సంగతి చెప్పిరి. మరియొక జాగ్రత్త: పరాయి చోట తెలుగు మాట వినగానే మన మనస్సు కరుగును. భాష ఒకటైనంత మాత్రాన ఫోను చేసినవాడు మనవాడు కాడు.

అయితే నిజమైన కాల్‌ను ఎట్లు తెలిసికొందుము? ఫోను పెట్టివేసి, ఏటీఎం కార్డు వెనుక నున్న నంబరుకు మనమే చేయవలెను. ఇంటివారికి ఆపద అని చెప్పినచో ఇంటికే ఫోను చేయవలెను. తెరమీద కనబడు నంబరును కూడ మోసగాండ్రు మార్చగలరు. ఓటీపీ ఎవరికిని చెప్పరాదు. డబ్బు పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ అక్కరలేదు. అడిగినచో అది మోసమే.

మూడవది, డబ్బు పోయినచో. ఇంటికి పంపవలసిన జీతము పోయినదని సిగ్గుతో దాచువారున్నారు. దాచినకొలది నష్టము పెరుగును. దొంగ ఆ సొమ్మును ఖాతా నుండి ఖాతాకు త్వరగా మార్చును. వెంటనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకు తెలుపవలెను. మనమే ఓటీపీ చెప్పినను, బ్యాంకుకు తెలిపిన తరువాత జరుగు నష్టము బ్యాంకుదేనని రిజర్వు బ్యాంకు 2017లో ఆదేశించినది. గనుక ప్రతి నిమిషము విలువైనది.

ఆలోచించవలసిన ప్రశ్నలు:
1. 1909కును 1930కిని భేదమేమి?
2. మీ బ్యాంకు నంబరు కాగితము మీద వ్రాసి ఇంటిలో ఉంచితిరా?
3. ఊరిలోనున్న తలిదండ్రులకు ఈ సంగతులు ఎప్పుడు చెప్పుదురు?