తెలుగులో పోర్చుగీసు మాటలు

శ్రీ సత్యసాయి జిల్లాలోని కదిరి పట్టణము నరసింహస్వామి రథోత్సవమునకును, వేరుశనగ పంటకును పేరుపొందినది. ఆ యూరి అంగడి వీథిలో నిలిచి ఆలకించినచో కొన్ని మాటలు మాటిమాటికి చెవినిబడును. ఒకచోట బట్టలకు ఇస్త్రీ జరుగుచుండును. దర్జీ చొక్కాకు కాజాలు తీసి బొత్తాములు కుట్టుచుండును. మేస్త్రీ కూలీలకు పని పురమాయించుచుండును. పండ్ల అంగడిలో అనాసపండ్లుండును. బాల్చీలును, తువ్వాళ్లును బేరమునకు వచ్చును. ఇవి అచ్చతెలుగు మాటలని కొందరు తలంతురు. ఇంగ్లీషు మాటలే పల్లెవారి నోటబడి ఇట్లు మారినవని మరికొందరు తలంతురు. రెండు తలంపులును సరికావు. ఇవి పోర్చుగీసు భాషనుండి వచ్చిన మాటలు.

పోర్చుగల్ ఐరోపా ఖండమునకు పడమటి కొసనున్న చిన్న దేశము. ఆ దేశపు నావికుడు వాస్కో డ గామా 1498లో కేరళ తీరమున కోళిక్కోడు చేరెను. 1510లో పోర్చుగీసువారు గోవాను పట్టుకొనిరి. ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ 1600లో గాని పుట్టలేదు. అరేబియా, పారసీక దేశముల గుఱ్ఱములను గోవా మీదుగా విజయనగర రాజులకు అమ్మి పోర్చుగీసు వర్తకులు విశేషముగా ధనమార్జించిరి. 1520 ప్రాంతమున డొమింగో పేస్, 1535 ప్రాంతమున ఫెర్నావ్ న్యూనిజ్ విజయనగరమునకు వచ్చి, తాము చూచినదియు విన్నదియు వ్రాసియుంచిరి. కదిరికి పొరుగుననున్న పెనుకొండ కోట పేరు న్యూనిజ్ వ్రాతలో కానవచ్చును. 1565లో రాక్షసి తంగడి యుద్ధముతో విజయనగరము పాడుపడిన పిమ్మట ఆ పెనుకొండయే రాజధానియైనది.

అయినను మాటలన్నియు గుఱ్ఱముల వర్తకుల వెంట తిన్నగా పెనుకొండకు వచ్చినవని అనుకొనరాదు. అవి రేవు పట్టణములలో ఓడ సరకుతోపాటు దిగి, కన్నడ, తమిళ, ఉర్దూ భాషలవారి నోళ్లలో నాని, సంతనుండి సంతకు నడచి తెలుగునాట వ్యాపించినవి.

వాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనదగినవి. పోర్చుగీసున 'బాల్దె' అనగా నీళ్ల పాత్ర, ఇంగ్లీషున బకెట్. అదియే బాల్చీ. 'ఎస్తిరార్' అనగా సాగదీయుట. ముడుతలు లేకుండ బట్టను సాగదీయుటయే ఇస్త్రీ. ఇంగ్లీషువారు ఆ పనికి ఇనుము పేరు పెట్టి 'ఐరన్' అనిరి. 'కాజ' అనగా ఇల్లు. బొత్తాము దూరి నిలుచు రంధ్రము దానికి ఇల్లే కదా! ఇంగ్లీషువారు 'ఆక్షన్' అనుదానిని పోర్చుగీసువారు 'లెయిలావ్' అందురు. అది మొదటి లకారమును పోగొట్టుకొని ఏలమై, వేలమైనది. 'అననాస్' మరింత దూరము నడచిన మాట. బ్రెజిల్ ఆదివాసుల నోటి మాటను పోర్చుగీసువారు పండుతోసహా తెచ్చిరి. ఇంగ్లీషువారు ఆ పండును 'పైనాపిల్' అనిరి. తెలుగువారి అంగడిలో ఆదివాసుల మాటయే అనాసయై నిలిచినది.

ఈ మాటలు ఇంగ్లీషునుండి రాలేదనుటకు నిదర్శనమేమి? ఇంగ్లీషువారి 'టీ' అక్షరపు ధ్వని తెలుగువారి చెవికి 'ట'గా వినబడును. పోర్చుగీసువారు అదే అక్షరమును నాలుక దంతములకు తాకునట్లు 'త' అని పలుకుదురు. కావుననే ఇంగ్లీషు మాట టవలుగా వచ్చినది. పోర్చుగీసు 'తువాల్య' తువ్వాలైనది. ఇంగ్లీషు మాట బటనుగా వచ్చినది; పోర్చుగీసు 'బొతావ్' బొత్తామైనది. ఆ మాట తుది ధ్వని ముక్కుతో పలుకబడును గనుక తెలుగున 'ము' చేరుటకు అనువైనది. 'మెస్త్రె' అను పోర్చుగీసు మాటయు, 'మాస్టర్' అను ఇంగ్లీషు మాటయు లాటిను భాషలోని ఒక్క మాటకే బిడ్డలు. ఆ అన్నదమ్ములలో ఒకడు తెలుగుదేశమున గోడ కట్టించు మేస్త్రీయైనాడు. మరియొకడు చదువు చెప్పు మాస్టారైనాడు.

అయితే పోలిక గల ప్రతి మాటయు పోర్చుగీసుది కాదు. సబ్బును పోర్చుగీసువారు 'సబావ్' అందురు. అరబ్బులు 'సాబూన్' అందురు. ఇట్టిచోట చెవి యొక్కటే చాలదు. పాత వ్రాతలను, పొరుగు భాషలను పరిశీలింపవలెను. గోవాకు చెందిన సెబస్టియావ్ రొడోల్ఫో దల్గాదో అను పండితుడు ఆసియా భాషలలోని పోర్చుగీసు పదములనేరి 1913లో గ్రంథముగా ప్రకటించెను. 1936లో దాని ఇంగ్లీషు అనువాదము వెలువడెను.

కొత్త వస్తువు వచ్చినపుడెల్ల తెలుగు మాటను ఎరవు తెచ్చుకొనలేదు. పోర్చుగీసువారు అమెరికానుండి తెచ్చిన మిరపకు, దాని కారమునుబట్టి మిరియము పేరునే సవరించి పెట్టుకొనినది. పొగాకును తన మాటలతోనే పిలిచినది. కొన్ని మాటలను నిరాకరించినది కూడ. పోర్చుగీసువారు క్రైస్తవులు గాని ఈ దేశీయులను 'జెంతియు' అనిరి. దానినుండి ఇంగ్లీషువారు తెలుగు భాషకు 'జెంటూ' అని పేరిడిరి. 1816లో కాంబెల్ దొర చెన్నపట్టణమున ప్రకటించిన తెలుగు వ్యాకరణపు ముఖపత్రముపై ఆ పేరు కలదు. తెలుగువారు దానిని తమదిగా స్వీకరింపలేదు. అది మాసిపోయినది, బొత్తాము నిలిచినది.

బొత్తాము అనుట మోటనియు, బటన్ అనుట నాగరికమనియు తలచి కొందరు పిల్లలు ఇంటి పెద్దల మాటకు నవ్వుదురు. ఆ నవ్వు తగదు. బటన్ కంటె ముందే బొత్తాము ఈ నేలకు వచ్చి, తెలుగు విభక్తులను ధరించి, తెలుగైనది. విద్యార్థులు తమ యింటి అవ్వతాతలు పలుకు ఇట్టి మాటలను వ్రాసికొని, ఏది ఏ దారిన వచ్చెనో విచారించినచో తమ యూరికి దూరదేశములతో గల చుట్టరికము తెలియగలదు.