నమ్మినవాడు నీటిలోనికి దిగవలెనా?

చదువవలసిన భాగము: 2 రాజులు 5:1–19



గడచిన నెలలో నేను హైదరాబాదునకు వెళ్లి, మధురానగరులో మా గ్రామస్థులొకరి యింట జరిగిన గృహకూటములో వాక్యము చెప్పితిని. మా పల్లెలో ఆ వేళకు ఊరంతయు సద్దుమణుగును. అక్కడ మెట్రో రైలు చప్పుడు వినుచునే ప్రార్థన చేసితిమి. కూటము ముగిసి అందరును టీ త్రాగుచుండగా మా ఊరి యువకుడొకడు నా ప్రక్కను కూర్చుండెను. అతడు దాపుననున్న కృష్ణానగరులో కాపురముండి సినిమా షూటింగులలో లైట్‌మ్యాన్‌గా పని చేయుచున్నాడు. మెల్లగా అడిగెను: "అయ్యగారూ, నేను యేసయ్యను నమ్మాను. రోజూ ప్రార్థన చేసుకుంటున్నాను. రక్షణ విశ్వాసం వల్లే గదా! ఇంక బాప్తిస్మం ఎందుకండీ?"

ప్రశ్న సిద్ధాంతమును గూర్చినదే గాని, దాని వెనుక మరియొక ప్రశ్న యుండెను. రెండవ గ్లాసు టీ వచ్చువరకు అది బయటికి రాలేదు. అతని తమ్ముడు చదువుకొనుచున్నాడు. కుల ధ్రువపత్రము ఏమగునోయని ఇంటివారికి భయము. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము క్రైస్తవునికి షెడ్యూల్డు కులపు హోదా లేదు. మన తెలుగు రాష్ట్రములలో అట్టివారిని బి.సి.–సి వర్గములో చేర్చుదురు. కనుక ఈ చిన్నవాని చిక్కు ఊరక పుట్టిన చిక్కు కాదు. దీనిని తేలికగా త్రోసివేయు బోధకులను చూచినప్పుడు నాకు కష్టముగా నుండును. వారి పిల్లలు ఏ పత్రముతో చదివిరో వారినే అడుగవలెను.

నేను అతనికి నయమాను కథ చెప్పితిని. సిరియా సేనాధిపతికి కుష్ఠు కలిగెను. అతని యింటనున్న చెరపట్టబడిన చిన్నది ప్రవక్తను గూర్చి చెప్పెను. ఆయన నమ్మెను. నమ్మకపోయిన యెడల అంత వెండి బంగారములు కట్టుకొని షోమ్రోనునకు వచ్చునా? కాబట్టి ఎలీషా గుమ్మమునొద్ద నిలిచిన నయమానునకు విశ్వాసము కలదు. లేనిది దీనత్వము. ప్రవక్త బయటికైనను రాక, సేవకునిచేత కబురు పంపెను: యొర్దానులో ఏడు మారులు స్నానము చేయవలెనట! నయమానునకు కోపము వచ్చెను. దమస్కు నదులైన అబానాయు ఫర్పరును దీనికంటె మంచివి కావా యనెను. ఆయన మనస్సులో స్వస్థతకు ఒక పద్ధతి ముందే సిద్ధమైయున్నది. ప్రవక్త వచ్చి నిలువవలెను, చెయ్యి ఆడింపవలెను, అందరును చూడవలెను. మనకును అంతే గదా. దేవుడు రక్షింపవలెననియే కోరుదుము గాని, ఏలాగు రక్షింపవలెనో మనమే నిర్ణయింతుము.

తుదకు ఆయన సేవకులు బుజ్జగింపగా దిగెను. ఒక్క విషయము గమనింపుడి. మొదటి మునకతో కొంత, రెండవ మునకతో మరికొంత కుష్ఠు పోయెనని వ్రాయబడలేదు. ఆరు మారులు మునిగి లేచినను ఏమైనను మారెనని వాక్యము చెప్పదు. ఆ ఏడవ మునకకు ఆయనను దింపినది ఏది? విశ్వాసమందమా, విధేయత యందమా? వేరుచేయుట నా వలన కాదు. పౌలు రోమీయులకు వ్రాసిన పత్రికను ఆరంభించుచు (1:5) ఆ రెండు మాటలను ఒకచోటనే ముడివేసెను. నీళ్లు కుష్ఠును కడుగలేదు, దేవుడు కడిగెను. అయినను ఒడ్డున నిలిచిన నయమాను కుష్ఠుతోనే నిలిచియుండెను.

అప్పుడు ఆ చిన్నవాడు నవ్వి యిట్లనెను: "మా పనీ అంతేనండీ. కెమెరామాన్ లైటు కొంచెం కిందికి దించమంటాడు. ఎందుకో మాకు కనబడదు. బొమ్మ ఆయనకు కనబడుతుంది. దించడమే మా పని." ఇంతకంటె మంచి ఉపమానము నేను సెమినరీలో కూడ వినలేదు.

సిలువమీద దొంగ బాప్తిస్మము లేకయే పరదైసు చేరలేదా యని కొందరందురు. చేరెను. అతని చేతులును కాళ్లును కొట్టబడియుండెను, విడిగా నున్నది నోరొక్కటే. ఆ నోటితోనే విధేయుడాయెను. మన కాళ్లు విడిగానే యున్నవి.

ఇక మన తెలుగుదేశములో ఏలాగు జరిగెనో వినుడి. ఒంగోలు ప్రాంతపు తాళ్లకొండపాడులో ఎఱ్ఱగుంట్ల పేరయ్య అను మాదిగవాడు తోళ్ల వ్యాపారము చేయుచు, గురువులనాశ్రయించి యోగము నేర్చెను. శాంతి దొరకలేదు. సువార్త విని, 1866లో భార్యతో కూడ జూయెట్ దొరచేత బాప్తిస్మము పొందెను. ఆ యేడే క్లౌ దొర ఒంగోలు చేరెను. 1867 జనవరిలో ఆయన తాళ్లకొండపాడు వెళ్లగా ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి. వారి విధేయత మాటలతో ముగియలేదు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అను మూడు నియమములు వారికుండెను. వినుటకు చిన్నవే. కాని పండుగకు డప్పు కొట్టనన్నవాడు, ఆదివారము చాకిరికి రానన్నవాడు గ్రామపెద్దల కోపమునకు గురికాక తప్పలేదు. కూలియు పోయెను. వారు చదువురానివారు; విశ్వాసమును గూర్చి మనవలె వాదింపలేదు.

ఆ దినములలో ఒంగోలు అగ్రకులస్థులు కొందరు సంఘములో చేరగోరి, మాదిగలను చేర్చుకొనవద్దని కోరిరి. క్లౌ దొరయు ఆయన భార్యయు వేర్వేరు గదులలో ప్రార్థించి వేదము తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీయులు మొదటి అధ్యాయము చివరి వచనములే కనబడెనని ఆయన చెప్పెను. ఆ భాగమును చదివినవారికి తరువాత ఏమి జరిగెనో చెప్పనక్కరలేదు. ఆ పెద్దలు నమ్మలేదని నేననను. నయమానువలె గుమ్మమువరకు వచ్చిరి. దిగవలసిన మెట్టొకటి యుండెను.

1876 నుండి 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొర బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పని తీసికొని వేలమందికి కూలి కల్పించెను. బాప్తిస్మమిమ్మని జనులు గుంపులుగా అడిగినను పదిహేను నెలలపాటు ఎవరికిని ఇయ్యలేదు, అన్నముకొరకు వచ్చినవారను నింద రాకుండునట్లు. సహాయపు పనులు ముగిసినవి, ఇచ్చుటకు ఏమియు లేదు. అప్పుడును వారు వచ్చిరి. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకొని నీటిలో నిలిచిరి. కూలి లేని దినమున దిగిన ఆ పాదములను తలంచుకొనినప్పుడెల్ల నాకు సిగ్గు కలుగును. నేను జీతమునకు పని చేయువాడను గదా.

"మరి మా తమ్ముడి సంగతి?" అని ఆ చిన్నవాడు మరల అడిగెను. నయమానునకు ఇట్టిదే ఒక చిక్కు మిగిలినది. రాజు తన చేతిమీద ఆనుకొని రిమ్మోను గుడిలో మ్రొక్కునప్పుడు తానును వంగవలసి వచ్చును, ఆ సంగతి ఏమని ప్రవక్తనడిగెను. దాచలేదు, బొంకలేదు. ఎలీషా సరే యనలేదు, కూడదనియు అనలేదు, సమాధానముతో పొమ్మనెను. నేనును అంతకు మించి చెప్పలేకపోతిని. పత్రముకొరకు అబద్ధమాడుమని చెప్పను. భయపడితివని గద్దింపను. తమ్ముని తరపున నీవు నిర్ణయింపవద్దు, వాడు పెద్దవాడైనప్పుడు వాని నదికి వాడే దిగును, నీ సంగతి నీవు చూచుకొనుమని మాత్రము చెప్పితిని. ఇద్దరమును కలిసి ప్రార్థించితిమి. అతనికి తెల్లవారుఝామున షూటింగు కలదట, వెళ్లిపోయెను.

ఇది వ్రాయుచుండగా నిన్న ఫోను వచ్చెను. "అయ్యగారూ, మన ఊరి చెరువులో నీళ్లున్నాయా?" అని అడిగెను.

"మోకాలి లోతే నాయనా. వానలు పడనియ్యి" అంటిని.