బిడ్డ బదులు మనం ఎంచేటప్పుడు

నీట్ ఫలితాలు వచ్చిన వారం తిరుపతిలో ఏ వీధిలో విన్నా ఒకటే చర్చ: "లాంగ్ టర్మ్ పెడదామా, వద్దా?" ర్యాంకు చాలని పిల్లను ఇంకో ఏడాది హాస్టల్లో ఉంచి చదివిస్తే ఎస్వీ మెడికల్ కాలేజీలో సీటు రావొచ్చు. లేదంటే ఈ ఏడే ఎస్వీ అగ్రికల్చర్ కాలేజీలో బీఎస్సీకి ప్రయత్నించొచ్చు. ఇప్పుడే అందే చిన్నదా, ఆగితే అందే పెద్దదా? చాలా ఇళ్లల్లో ఈ లెక్క వేసేది నాయనే. "చిన్నపిల్ల, దానికేం తెలుస్తాది?" అంటాడు. ప్రేమతోనే అంటాడు.

సరిగ్గా ఇలాంటి లెక్కనే యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఆంట్వానెట్ నికోల్, రేమండ్ డోలన్ బృందం మెదడు స్కానర్‌లో గమనించింది. ఆ పరిశోధన 2012లో వెలువడింది. ఇప్పుడు కొద్ది డబ్బా, కొన్నాళ్లు ఆగి ఎక్కువ డబ్బా అన్నది ప్రశ్న. పాల్గొన్నవాళ్లు కొన్నిసార్లు తమ కోసం ఎంచుకున్నారు, కొన్నిసార్లు జతగాడి కోసం, అతనికి నచ్చేదేదో ఊహించి ఎంచారు. అతని ఓపిక ఎంతటిదో ముందే నేర్చుకున్నారు.

నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ నడిమి భాగంలో కింద ఒక ప్రాంతం, పైన ఒక ప్రాంతం ఈ పనిలో కనిపించాయి. కిందిది 'నా' ఇష్టానికి, పైది 'ఎదుటివారి' ఇష్టానికి అని పంచుకుని ఉంటాయనుకోవడం సహజం. ఫలితం అలా రాలేదు. ఎంపిక ఎవరి తరఫున జరుగుతోందో వారి ఇష్టానికి కింది ప్రాంతం విలువ కట్టింది. తన కోసం ఎంచుకునేటప్పుడు తన ఇష్టం అక్కడ, జతగాడిది పైన. జతగాడి కోసం ఎంచేటప్పుడు రెండూ చోట్లు మార్చుకున్నాయి.

నాకు ఇందులో గొప్ప ఆశ కనిపిస్తుంది. ఇంకొకరి కోరికను మన సొంత కోరిక కూర్చునే చోటే కూర్చోబెట్టగల శక్తి మనకుంది. అయితే ఆ కోరిక ఏమిటో ముందుగా నేర్చుకుని ఉండాలి. హెచ్చరిక కూడా ఉంది: మన ఇష్టం మాయం కాదు, పక్కకు జరిగి తన లెక్క తాను వేస్తూనే ఉంటుంది. డబ్బు మీద చేసిన ఒక ప్రయోగం మన ఇంటి సంగతంతా చెప్పదు గానీ, ఈ రెండు మాటలూ గుర్తుంచుకోదగినవి.

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి విషయంలోనూ పెద్దలు బిడ్డ బదులు ఎంచడమే జరిగింది. తండ్రి నారాయణయ్య 1909లో కుటుంబాన్ని మద్రాసు అడయారుకు తీసుకెళ్లాడు. అక్కడి దివ్యజ్ఞాన సమాజం పెద్దలు ఆ అబ్బాయిలో కాబోయే జగద్గురువును చూశారు. 1910లో తండ్రి సంరక్షణ హక్కును ఆ పెద్దల్లో ఒకరైన అనీబెసెంట్‌కు రాసిచ్చాడు, తర్వాత మనసు మార్చుకుని దావా వేశాడు. 1913లో మద్రాసు హైకోర్టులో గెలిచాడు. 1914లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఆ తీర్పును తిప్పేసింది. అబ్బాయి ఇష్టాన్ని ఎవరూ అడగలేదన్నది అందుకు ఒక ముఖ్య కారణం. తండ్రికీ ప్రేమే, బెసెంటమ్మకూ ప్రేమే. ఆ అబ్బాయి కోసం 1911లో కట్టిన సంస్థను 1929లో హాలెండ్‌లోని ఒమెన్ శిబిరంలో కృష్ణమూర్తే రద్దు చేశాడు. అప్పటికి అతనికి 34 ఏళ్లు. తన ఎంపికను తన చేతికి తెచ్చుకోవడానికి అంతకాలం పట్టింది.

పదిహేడేళ్ల పిల్ల కోరిందల్లా ఒప్పుకోవాలని నేను అనను. ఫీజు, ఆరోగ్యం, ఊరి దూరం పెద్దవాళ్లే చూడాలి. కానీ "నీ మంచికే" అనే ముందు ఒక పని చేయండి. ఆమె ఏది ఎంచుకుంటుందో, ఎందుకో మీరొక కాయితం మీద రాయండి. ఆమెను విడిగా తన మాట రాయమనండి. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ అంచనా తప్పిన ప్రతిచోటా, అక్కడ రాసి ఉన్నది మీ సొంత కోరికేమోనని తరచి చూసుకోండి. డాక్టరు కాలేకపోయిన నాయన దిగులు అందులో ఉండొచ్చు, బంధువుల ముందు పరువూ ఉండొచ్చు. ఉన్నందుకు సిగ్గుపడక్కర్లేదు, దాన్ని ఆమె ఖాతాలో మాత్రం రాయకండి.

లాంగ్ టర్మ్ ఫీజు కట్టే ముందే ఒక సాయంత్రం ఆమెతో కూర్చోండి. ఆమె కాయితం ముందు చదవండి, మీది తర్వాత.