నెలలు నిండని శిశువుల కోసం నడక: షరీఅత్ వెలుగులో

సంతానం అల్లాహ్ అనుగ్రహం, అమానతు కూడా. నెలలు నిండి పుట్టిన బిడ్డ ఎంతటి అమానతో, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ కూడా అంతటి అమానతే. 37 వారాలు నిండకముందే పుట్టినవారిని వైద్యులు నెలలు నిండని శిశువులు అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2020లో ఇలా పుట్టినవారు సుమారు 1 కోటి 34 లక్షల మంది.

అమెరికాలో ఇలాంటి శిశువుల కోసం ఏటా విరాళాల నడక జరుగుతుంది. 1938లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ పోలియోపై పోరాటం కోసం స్థాపించిన సంస్థే నేడు ‘మార్చ్ ఆఫ్ డైమ్స్’ పేరుతో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పనిచేస్తోంది. డైమ్ అంటే పది సెంట్ల నాణెం. ఆ సంస్థ 1970లో ఈ నడకను ప్రారంభించింది. 2008లో దానికి ‘మార్చ్ ఫర్ బేబీస్’ అని పేరు పెట్టారు. పాల్గొనేవారు బంధుమిత్రుల నుంచి, తోటి ఉద్యోగుల నుంచి విరాళాలు సేకరించి, అందరితో కలిసి నడుస్తారు.

ఆ దేశంలో స్థిరపడిన మన తెలుగు ముస్లిం కుటుంబాలకు కూడా ఇలాంటి పిలుపులు అందుతుంటాయి. ముస్లిమేతరులు ఏర్పాటు చేసిన నడకలో పాల్గొనవచ్చా? అక్కడ ఇచ్చిన డబ్బు జకాతుగా చెల్లుతుందా? ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఆ బిడ్డకూ హక్కులున్నాయి

సహాబాల కాలంలో ఒక స్త్రీ పెళ్లయిన ఆరు నెలలకే ప్రసవించింది. ఆమెపై నింద పడింది, శిక్ష ప్రస్తావన వచ్చింది. అప్పుడు హజ్రత్ అలీ (రజి) దివ్యఖుర్ఆన్‌లోని రెండు ఆయతులను కలిపి చూపించారు. గర్భానికీ పాలు మాన్పించడానికీ కలిపి ముప్పై నెలలని అహ్‌ఖాఫ్ సూరా 15వ ఆయతు తెలుపుతోంది. పాలిచ్చే పూర్తి గడువు రెండేళ్లని బఖరా సూరా 233వ ఆయతు తెలుపుతోంది. ముప్పైలో ఇరవై నాలుగు తీసేస్తే మిగిలేది ఆరు నెలలు. గర్భం కనీస గడువు ఇదేనని ధర్మశాస్త్ర పండితులు నిర్ణయించారు. అలా ఒక తల్లి గౌరవం, ఒక బిడ్డ వంశం రెండూ నిలబడ్డాయి.

ప్రాణంతో పుట్టి, ఘడియసేపు ఊపిరి పీల్చి కన్నుమూసిన శిశువుకు సైతం పేరు పెట్టాలి, గుసుల్ చేయించాలి, జనాజా నమాజు చేయాలి. వారసత్వంలో వాటా కూడా ఉంటుంది. మరణించిన పసికందుకే ఇన్ని హక్కులుంటే, బ్రతికే అవకాశమున్న పసికందును కాపాడటం ఎంత పెద్ద బాధ్యతో ఆలోచించండి!

1963 ఆగస్టులో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కుమారుడు అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, ఊపిరితిత్తులు ఎదగనందున 39 గంటలకే మరణించాడు. అధికారం ఉంది, సంపద ఉంది, మందు మాత్రం లేదు. ఊపిరితిత్తుల్లోని గాలి గదులు మూసుకుపోకుండా కాపాడే మందుకు ఆ దేశంలో 1990లో ఆమోదం లభించింది. స్వస్థత ఇచ్చేవాడు అల్లాహ్‌యే. అయితే వైద్యం చేయించుకోమని దైవప్రవక్త (స) బోధించారు. ఆ వైద్యాన్ని వెదకడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. పదిమంది సొమ్ము, పదిమంది శ్రమ కలవాలి.

ఇతరులతో కలిసి నడవవచ్చా?

దైవదౌత్యానికి పూర్వం మక్కాలో అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో బాధితుల పక్షాన నిలబడతామని ఒక ఒప్పందం జరిగింది. అదే హిల్ఫుల్ ఫుజూల్. అందులో దైవప్రవక్త (స) పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా అలాంటి పనికి పిలిస్తే వెళ్తానని తెలిపారు. పుణ్యకార్యంలో సహకరించాలనీ, పాపకార్యంలో సహకరించరాదనీ మాయిదా సూరా 2వ ఆయతు మనకు నియమం నేర్పుతోంది. కనుక మేలు చేసే నడకలో పాల్గొనవచ్చు. అయితే కొన్ని విషయాలు గమనించాలి:

1. సంకల్పం అల్లాహ్ ప్రసన్నత కోసమే ఉండాలి. ఫొటోల కోసం, పేరు కోసం నడిస్తే అది రియా అవుతుంది.

2. నమాజు వేళ తప్పకూడదు. దుస్తుల్లో, ప్రవర్తనలో హయా ఉండాలి. లాటరీ టిక్కెట్ల వంటి జూదానికి దూరంగా ఉండాలి.

3. డబ్బు దేనికి ఖర్చవుతుందో ముందే అడిగి తెలుసుకోవాలి. షరీఅత్ అనుమతించని పని ఉంటే ఆ పద్దుకు ఇవ్వకూడదు.

4. ఇతరుల నుంచి సేకరించిన ప్రతి పైసా అమానతు. అది పూర్తిగా చేరవలసిన చోటికి చేరాలి.

5. ఈ విరాళాన్ని సదఖాగా ఇవ్వాలి, జకాతుగా లెక్కించరాదు. జకాతుకు హక్కుదారులైన ఎనిమిది వర్గాలను తౌబా సూరా 60వ ఆయతు నిర్ణయించింది. పరిశోధనలకిచ్చే చందాతో ఆ బాధ్యత తీరదు.

నడక ముగిశాక

నడక అక్కడ జరిగినా, ఇలాంటి పసికందులు మన వీధుల్లోనూ పుడుతున్నారు. ముందస్తు కాన్పుకు అంటువ్యాధులు, రక్తపోటు, మధుమేహం, కవలల గర్భం వంటివి కారణాలు కావచ్చు. చాలాసార్లు కారణమే తెలియదు. అయినా మన ఇళ్లలో నింద కోడలిపైనే పడుతుంది. దైవప్రవక్త (స) నమాజులో ఉండగా పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని నమాజును కుదించేవారు. ఆయన అనుచరులమైన మనం బిడ్డ కోసం కన్నీరు కారుస్తున్న తల్లిని సూటిపోటి మాటలతో బాధించడం ఎంతవరకు న్యాయం?

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి గుండెలకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా ఉంచే పద్ధతి 1978లో కొలంబియాలోని బొగొటాలో మొదలైంది. నేడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీన్ని సిఫారసు చేస్తోంది. తల్లి అలా గంటల తరబడి బిడ్డను హత్తుకుని ఉండాలంటే ఇంటిపని ఎవరో ఒకరు అందుకోవాలి. అత్తగారు వంటపని చూసుకోవడం, భర్త తానూ బిడ్డను గుండెకు హత్తుకోవడం, పొరుగువారు ఆసుపత్రికి భోజనం పంపడం ఇవన్నీ సదఖాయే. మైళ్లు నడవలేనివారు ఈ నాలుగడుగులు వేయవచ్చు.

అల్లాహ్ మన పసికందులకు ఆయురారోగ్యాలు, వారి తల్లులకు సహనం, మనకు వారికి అండగా నిలిచే సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.